పద్దు పుస్తకం మూతబడింది



తెలుగు పండితుడిగా పదవీ విరమణ పొందిన పిమ్మట, మామిడికుదురులోని మా ఇంటి పడమటి గదిలోనే నాకు మరొక కొలువు దొరికింది. మా కోడలు కొబ్బరి లౌజు, మామిడి తాండ్ర, ఆత్రేయపురం నుండి తెప్పించిన పూతరేకులు అంతర్జాలంలో అమ్ముతుంది. ఫోనులో వచ్చిన ఆర్డరును పద్దు పుస్తకంలోకి ఎక్కించి, పెట్టెకు అంటించవలసిన చిరునామా వ్రాయడం నా వంతు. నా దస్తూరి చూసి ముచ్చటపడి ఫోను చేసినవారూ ఉన్నారు. ఆ గర్వమే నన్ను ముంచింది.

అమెరికాలో ఉన్న ఒక కుమారుడు అమలాపురంలోని తల్లికి పూతరేకులు పంపమన్నాడు. మా ఊళ్ళో బస్సెక్కితే గంటలోపు చేరే ఊరు! 533తో మొదలు కావలసిన పిన్‌కోడును నేను 523 అని వ్రాశాను. పెట్టె ఒంగోలు వైపు ప్రయాణం చేసి, పదకొండు రోజులకు తిరిగి మా గుమ్మంలోకే వచ్చింది. విప్పి చూస్తే లోపల మిగిలింది పొడి. 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చిన ఈ అంకెల పద్ధతిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలణకర్ గారు సంస్కృత కవి కూడాను. ఒక పండితుడు కూర్చిన అంకెను మరొక పండితుడు చెడగొట్టాడన్నమాట.

మనవడు సెలవులకు వచ్చి ఆ పనినంతా యంత్రానికి అప్పగించాడు. సొమ్ము జమ అయినట్లు కబురు రాగానే నిల్వలోంచి సరుకు తగ్గుతుంది, చిరునామా చీటీ అచ్చవుతుంది, కొన్నవారికి సందేశం వెళుతుంది. ఆ కబురు ఒక్కోసారి రెండు మార్లు వస్తుందట. ఆర్డరు సంఖ్యను పోల్చి చూసి, రెండవదానిని త్రోసిపుచ్చే ఏర్పాటు చేశాడు. నా పుస్తకానికి ఆ తెలివి లేదు. ఒకే ఇంటికి రెండు పెట్టెలు పంపిన ఘనత నాకుంది.

నెల రోజులు నేను పడక కుర్చీకే పరిమితమయ్యాను. చిన్నబుచ్చుకోలేదని చెబితే అబద్ధమవుతుంది.

అంతలో ఒక తల్లి ఫోను చేసి ఏడ్చింది. కూతురి సారెకు తాండ్ర, పూతరేకులు ఆర్డరు చేస్తూ, "శుక్రవారంలోగా అందకపోతే పంపవద్దు" అని సూచనల గడిలో తెలుగులో వ్రాసిందట. యంత్రం ఆ వాక్యాన్ని భద్రంగా దాచింది, చదవలేదు. పెట్టె సోమవారం చేరింది. అమ్మాయి అప్పటికే అత్తవారింటికి వెళ్ళిపోయింది. కోడలు సొమ్ము వాపసు చేసింది కాని, సారెలో పడిన లోటుకు వాపసు ఏముంటుంది?

ఆ రాత్రే మనవడికి ఫోను చేశాను. సూచనల గడిలో ఒక్క అక్షరం ఉన్నా ఆ ఆర్డరు ఆగిపోయి నా ముందుకు రావాలన్నాను. "చిన్న షరతేగా తాతయ్యా" అని నవ్వి, పది నిమిషాల్లో సరిచేశాడు.

ఇప్పుడు చాలా ఆర్డర్లు నా ప్రమేయం లేకుండానే వెళ్ళిపోతున్నాయి. ఆగినవాటిని నేను చదువుతాను. కుక్క ఉంది, గేటు బయటి నుండే పిలవమంటారు ఒకరు. నెయ్యి తగ్గించమంటారు మరొకరు. నిన్న ఆగినదానిలో కోరిక ఏమీ లేదు. "మాది పాశర్లపూడి. అక్కడ వానలు పడ్డాయా?" అని మాత్రం ఉంది.

పడ్డాయని, కాలువ నిండుగా పారుతోందని ఒక కాగితం మీద నా దస్తూరితో వ్రాసి, పెట్టెలో పూతరేకుల పైన ఉంచి, ఆర్డరును వదిలాను.