చెంచాడు తోడు

తెలుగులో ‘పెరుగు’ నామవాచకమూ అవుతుంది, క్రియాధాతువూ అవుతుంది. ముప్పై రెండేళ్ళ ఉపాధ్యాయ వృత్తిలో ఈ సంగతి చెప్పి, “పాలు పెరిగితే పెరుగర్రా!” అని చమత్కరించి, ఎన్ని తరగతులను నవ్వించానో లెక్కలేదు. పెరిగేవి పాలు కావనీ, పాలలోని కంటికి కానరాని ప్రాణులనీ నాకు తెలియకపోలేదు. కాని తెలియడం వేరు, బోధపడడం వేరు. అది నిరుటి వేసవిలో మా మనుమడి ఒంటిమీది దద్దుర్లు చూశాక గాని నాకు బోధపడలేదు.

వాడికి నాలుగేళ్ళు. పాలు సరిపడవు. ఆవుపాలే కాదు, గేదెపాలూ అంతే. వైద్యుని సలహామీద మా అమ్మాయి సోయా పాలు పడుతోంది, అవి వాడికి బాగానే ఒంటబట్టాయి. చిక్కల్లా భోజనం చివర వచ్చేది. మజ్జిగో పెరుగో పడనిదే తెలుగువాడి విస్తరి ముగియదు గదా! మేమందరం పెరుగన్నం కలుపుకొంటూ ఉంటే వాడు చేయి కడుక్కోకుండా కూర్చుని, “తాతయ్యా, నాకూ తెల్లన్నం” అనేవాడు. ఆ మాట వినలేక నేనొక యుక్తి పన్నాను. సోయా పాలను గోరువెచ్చగా కాచి, ఇంట్లోని పెరుగు చెంచాడు తీసి తోడుపెట్టాను. తెల్లవారేసరికి కాస్త పలుకులు పలుకులుగానైనా చక్కగా తోడుకుంది. పాలు పడనివారికి కూడా పెరుగు పడుతుందని, అందులోని సూక్ష్మజీవులు పాలచక్కెరను తినివేస్తాయని ఎక్కడో చదివి ఉన్నాను. పైగా వేసింది చెంచాడేనాయె!

నాలుగు ముద్దలు తిన్నాడు. అరగంట తిరక్కుండానే పెదవులు వాచాయి, వీపంతా దద్దుర్లు లేచాయి. అమ్మాయి వాణ్ణి భుజాన వేసుకొని ఆసుపత్రికి పరుగెత్తింది. భగవంతుని దయవల్ల ఊపిరికి ఇబ్బంది కలగలేదు, సాయంత్రానికి నెమ్మదించింది. అమ్మాయి రాత్రిదాకా నాతో మాట్లాడలేదు. ఆ తరువాత మాత్రం, “తోడు దేంతో పెట్టారు నాన్నగారూ?” అని అడిగింది. నేను “చెంచాడే కదమ్మా” అన్నాను. ఆ నోటితో ఆ మాట ఎలా అనగలిగానో ఇప్పటికీ తెలియదు.

నేను చదివినది అబద్ధం కాదు, సగం. పాలు పడకపోవడం రెండు విధాలు. కొందరిలో పాలచక్కెరను, అంటే లాక్టోజును, జీర్ణం చేసే రసం తక్కువ. వారికి పెరుగు కొంతవరకు సరిపడుతుంది. లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా ఆ చక్కెరలో కొంత ముందే హరించి ఆమ్లంగా మార్చివేస్తుంది, మిగిలినదాన్ని అరిగించడంలోనూ చేయందిస్తుంది. మా వాడిది అది కాదు. వాడి శరీరం పాలలోని ప్రోటీనునే శత్రువుగా ఎంచుతుంది. ఆమ్లం పెరిగి, పీహెచ్ 4.6 దరిదాపులకు దిగేసరికి పాలలోని కేసీన్ గడ్డకడుతుంది. మనం పెరుగని పిలుచుకొనేది ముఖ్యంగా ఆ గడ్డనే. అంటే ఏది వాడికి విషమో అదే చిక్కబడి నా చెంచాలో కూర్చుంది! పులిస్తే దోషం పోతుందన్న నా పాండిత్యం అక్కడ చిత్తయింది.

మరి పెరుగు లేకుండా పెరుగు తోడుకోవడమెట్లా? ఈ ప్రశ్న నన్ను విచిత్రంగా మా చదువువైపే నడిపింది. తైత్తిరీయ సంహిత రెండవ కాండంలో సాన్నాయ్య ప్రకరణం ఉన్నది. వృత్రుని చంపి బలహీనుడైన ఇంద్రునికోసం పాలు తోడుపెట్టే సందర్భం. దేనితో తోడుపెట్టాలన్న విచారణలో పూతీక లత, మోదుగ బెరడు, రేగుపండ్లు, బియ్యపుగింజలు, అన్నీ ప్రస్తావనకు వచ్చి, కడపట పెరుగుకే పట్టం కట్టారు. తోడుకు ‘ఆతంచనం’ అని పేరు. మన తెలుగులో ‘చేమిరి’ అన్న అందమైన మాట ఉన్నది. పెరుగుకు పట్టం కట్టిన సంగతి నాకు పాఠంలా గుర్తుంది గాని, ఓడిపోయిన బెరడునూ రేగుపండునూ ఏనాడూ పట్టించుకోలేదు. ఇప్పుడు నాకు కావలసినవి అవే.

ఈ మాట మా ఆవిడతో అంటే, “దానికి వేదం దాకా ఎందుకండీ? తోడు లేనప్పుడు మా అమ్మ పచ్చిమిరపకాయల తొడిమలు వేసేది” అన్నది. మిరప మన దేశానికి పోర్చుగీసువారి తరువాత వచ్చింది, లేకుంటే అదీ ఆ జాబితాకు ఎక్కేదేమో!

వైద్యుని అడిగి, ఆయన సరేనన్న తరువాతే మొదలుపెట్టాను. సోయా గింజలు రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, గుడ్డలో వడగట్టి, పొంగుతూ ఉంటే కలియబెడుతూ ఇరవై నిమిషాలు మరిగించాను. సోయాను పచ్చిగా తాగరాదు, అందులోని కొన్ని పదార్థాలు జీర్ణక్రియకు అడ్డుపడతాయి. చిటికెనవేలు ఓర్చుకొనే వేడిలో పది తొడిమలు వేసి, గుడ్డ చుట్టి ఉంచాను. మొదటిసారి వేడి ఎక్కువై అవి చచ్చాయి. రెండవసారి వాసన నచ్చక పారబోశాను. మూడవసారి పలుచగా, కొద్దిగా మిరపఘాటుతో తోడుకుంది. దాన్ని వాడికి పెట్టక, అందులో చెంచాడు తీసి కొత్త పాలకు తోడుపెడితే మర్నాటికి గిన్నె వంచినా కదలని పెరుగు! సోయా పచ్చివాసన కూడా చాలావరకు తగ్గింది.

ఇందులో ఒక తమాషా ఉన్నది. 2012లో హైదరాబాదులో జీవవైవిధ్య సదస్సు జరిగినప్పుడు మన ప్రభుత్వం లాక్టోబాసిల్లస్ బల్గారికస్‌ను జాతీయ సూక్ష్మజీవిగా ప్రకటించింది. పాలలో అంతటి ఘనాపాఠి సోయా పాలలో చతికిలబడుతుంది. సోయాలో లాక్టోజు ఉండదు, సుక్రోజు దానికి సామాన్యంగా కొరుకుడుపడదు. పెరుగులో దానికి జోడైన స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ సుక్రోజుతో సంసారం నెట్టుకొస్తుంది. ఇక మొక్కలను అంటిపెట్టుకొని బ్రతికే ప్లాంటారమ్ వంటి జాతులలో కొన్ని, కడుపుబ్బరం తెచ్చే రాఫినోజు, స్టాకియోజులను సైతం అరిగించుకొంటాయి. 1857లో పాశ్చరు పాలు పులియడం ప్రాణుల పనేనని చెప్పాడు. ఆ ప్రాణులలోనూ మనలాగే ఎవరి విస్తరి వారిదని నాకు ఇన్నేళ్ళకు తెలిసింది.

ముందు అమ్మాయి రుచి చూసింది. తరువాత వైద్యుడు చెప్పినట్టు వాడి నాలుకకు చెంచా చివర అంటినంత రాసి రెండు గంటలు కాచుకొని కూర్చున్నాం. నేను వాడి వీపు చూస్తూనే ఉన్నాను. ఏమీ కాలేదు. నాలుగో రోజున తెల్లన్నం తిన్నాడు. “పుల్లగా ఉంది తాతయ్యా” అని మొహం చిట్లించి, మళ్ళీ పెట్టమన్నాడు.

ఇప్పుడు ఇంట్లో రెండు గిన్నెలు, రెండు చెంచాలు. వాడి చెంచాకు ఎర్రదారం కట్టాను. రాత్రి తోడుపెట్టేటప్పుడు, “దారం ఉన్నదేనా అమ్మా?” అని వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అడుగుతాను. అమ్మాయి మారుమాటాడకుండా చెంచా ఎత్తి చూపిస్తుంది.