నాట్ల పాటలు – ఒక హార్డ్ డిస్క్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని చెల్లెళ్లు అడిగితే కంప్యూటర్ గురించి రాస్తానన్నాను. నవ్వారు. ఎం.ఏ. తెలుగు చదివే అక్కకు కంప్యూటర్ గొడవ ఎందుకని కాబోలు! కానీ మా ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టా అందుకున్న నాకు, పీజీ ప్రాజెక్టు మొత్తం ఒక్క హార్డ్ డిస్క్ మీద ఆధారపడిన రోజులు కొన్ని ఉన్నాయి.

నా ప్రాజెక్టు మా ఊరి నాట్ల పాటల మీద. ఏడుగురు ఆడవాళ్లు పాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి, ఫోన్‌లో చోటు చాలక ఎప్పటికప్పుడు ల్యాప్‌టాప్‌లోకి మార్చుకునేదాన్ని. అమ్మ మహిళా సంఘంలో అప్పు తీసుకుని కొనిచ్చిన సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ అది. ప్రాజెక్టు ఇవ్వడానికి ఇంకా తొమ్మిది రోజులుందనగా ఒక పొద్దున అది ఆన్ కాలేదు. మదర్‌బోర్డు పోయిందనీ, లోపలి డిస్క్ కూడా పలకడం లేదనీ రిపేరు షాపులో చెప్పారు. పాడిన ఏడుగురిలో పెద్దావిడ అప్పటికి రెండు నెలల ముందే చనిపోయింది. మిగిలిన ఆరుగురిని మళ్లీ పాడమని బతిమాలవచ్చు. ఆమెను ఎక్కడికెళ్లి అడగాలి?

నా దగ్గర 500 జీబీ బయటి హార్డ్ డిస్క్ ఒకటి ఉంది. విండోస్ 10లో ఫైల్ హిస్టరీ అనే సౌకర్యం ఆన్ చేసి, వారానికోసారి ఆ డిస్క్ తగిలించేదాన్ని. విండోస్ 8తో పాటు 2012లో వచ్చిన ఈ సౌకర్యం విండోస్ 11లోనూ కంట్రోల్ ప్యానెల్‌లో ఉంది. కానీ బ్యాకప్ ఉండటం వేరు, అది వేరే కంప్యూటర్లో తెరుచుకోవడం వేరు. మా బాపు కౌలుకు చేసే రోజుల్లో దాచిన విత్తనాలను నేరుగా చేనుకు తీసుకుపోయేవాడు కాదు. ముందు వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టలో చుట్టి, ఎన్ని మొలిచాయో చూసేవాడు. నా గోనెపట్ట మన హాస్టల్ రీడింగ్ రూములోని కంప్యూటర్.

వార్డెన్ మేడమ్ దగ్గర అనుమతి తీసుకుని డిస్క్ తగిలించాను. ఫైల్ హిస్టరీ అన్న ఫోల్డర్ కనిపించింది. తెరవబోతే అనుమతి లేదంది. కంగారు పడకండి, కంటిన్యూ నొక్కితే చాలు. కాకపోతే ఆ కంప్యూటర్‌కు అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి. లోపల నా పేరు, దాని లోపల చనిపోయిన ల్యాప్‌టాప్ పేరు, దాని లోపల డేటా. ఒక్కో ఫైలుకు పది, పన్నెండు నకళ్లు, పేరు చివర తేదీ, టైము. ఆ టైము చూసి బిత్తరపోయాను. రాత్రి 9.30కి దాచిన అధ్యాయం సాయంత్రం 4 గంటలని చూపిస్తోంది! అది యూటీసీ టైమట. మన గడియారం కన్నా 5.30 గంటలు వెనక. ఏది చివరి నకలో తేల్చుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

చేత్తో కాపీ చేసుకోవచ్చు గానీ అన్ని నకళ్లూ వచ్చిపడతాయి. ఫైల్ హిస్టరీలోనే ఆ డ్రైవును ఎంచుకుని, దానిలోని పాత బ్యాకప్ వాడతానని టిక్ పెడితే ఫైళ్లు అసలు పేర్లతో కనిపిస్తాయి. రీస్టోర్ ఊరికే నొక్కితే పాత చోటికే పంపాలని చూస్తుంది. ఆ చోటు ఆ కంప్యూటర్లో లేదు కదా! అందుకే రైట్ క్లిక్ చేసి 'రీస్టోర్ టు' ఎంచుకుని డి డ్రైవులో కొత్త ఫోల్డర్ చూపించాను.

పాటలు వచ్చాయి. పెద్దావిడది 37 నిమిషాలు, మొత్తం వచ్చింది. ముందు అదే విన్నాను.

అధ్యాయాల సంగతి వేరు. నేను యూనికోడ్‌లో టైపు చేసినవి వెంటనే తెరుచుకున్నాయి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్‌తో టైపు చేయించిన మొదటి అధ్యాయం మాత్రం నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలుగా మారిపోయింది. ఫైలు చెడిపోలేదు. ఆ పద్ధతిలో లోపల దాచేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలనే. తెలుగు ఆకారం ఇచ్చేది ఫాంటు. బ్యాకప్ ఫైళ్లను తెస్తుంది గానీ ఫాంట్లనూ ప్రోగ్రాములనూ తీసుకురాదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు రెండు రాత్రులు దిద్దుకున్నాను. 1991 నుంచీ యూనికోడ్‌లో తెలుగు ఉన్నా మన డీటీపీ సెంటర్లు ఇంకా పాత పద్ధతిని వదలకపోవడం నాకు అర్థం కాదు.

నాట్ల వీడియో ఒకటి 6 జీబీ. పెన్‌డ్రైవులో చోటున్నా ఎక్కలేదు. అది ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఉంది; 4 జీబీ దాటిన ఒక్క ఫైలును కూడా తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేశాక ఎక్కింది. ఫార్మాట్ చేస్తే లోపలివన్నీ పోతాయి, ముందే తీసిపెట్టుకోండి.

ఏడో రోజు రాత్రి బాపు ఫోన్ చేసి "దొరికినయా బిడ్డా?" అన్నాడు. దొరికినయ్ అన్నాను. ఇంకేమీ అడగలేదు.

ప్రాజెక్టు ఇచ్చి ఊరికి పోయినప్పుడు పెద్దావిడ కూతురు ఆ పాట కావాలంది. ఆమెది బటన్ల ఫోను. మెమరీ కార్డులో వేసి ఇస్తే పాడలేదు. మళ్లీ తీసుకొచ్చి ఎంపీ3గా మార్చి ఇచ్చాను. ఈసారి పాడింది.