పాదం కింద మూడు బోల్టులు

ఆదివారం తెలతెలవారుతుండగా మేడ్చల్ నుంచి శామీర్‌పేట చెరువు దాకా సైకిలు తొక్కడం నాకు కొన్నేళ్ళుగా అలవాటు. వేగం మీద మోజు తీరిపోయింది గానీ, పాదాన్ని పెడల్‌కు పట్టి ఉంచే బూట్ల మీద వ్యామోహం పోలేదు. బూటు అడుగున మూడు బోల్టులతో బిగించే ప్లాస్టిక్ ముక్కే క్లీట్. అది పెడల్‌లో టక్కున పడుతుంది. మడమను బయటికి తిప్పితే ఊడివస్తుంది. ఇంతగా పట్టుకునే పెడల్‌కు 'క్లిప్‌లెస్' అన్న పేరేమిటా అని మొదట్లో నవ్వుకునేవాణ్ణి. వెనకటి వేలి క్లిప్పులూ, తోలు పట్టీలూ లేవు గనుక ఆ పేరట! మంచు మీద జారే స్కీల నుంచి ఈ ఉపాయాన్ని సైకిలుకు తెచ్చింది ఫ్రాన్స్‌లోని లుక్ సంస్థ. 1985లో బెర్నార్ ఇనో ఆ పెడళ్ళతోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు.

ఆమధ్య నా క్లీట్లు అరిగిపోయాయి. తప్పు నాదే. చెరువు దగ్గర రాళ్ళ మీద వాటితోనే తిరిగేవాణ్ణి. కొత్తవి కొన్నాను, సైకిలు రంగుకు నప్పుతాయని ఎర్రవి. పాతవాటి చుట్టూ గీత గీసుకోవాలన్న ఆలోచన కూడా లేకుండా ఊడదీసి, కంటికొలతతో బిగించేశాను.

ఆ వారమే శామీర్‌పేట చేరేలోగా కుడి మోకాలి లోపలివైపు సూదితో పొడిచినట్టు నొప్పి. మూడు వారాలకు ఇంట్లో మెట్లు దిగడమూ కష్టమైంది. "వయసు మీద పడుతోంది, ఇక చాలించండి" అన్నది మా ఆవిడ. సైకిలు అమ్మేద్దామనే అనుకున్నాను.

చివరికొకనాడు బూట్లు తిరగేసి పక్కపక్కన పెట్టి చూస్తే, కుడి క్లీట్ ఎడమదానికంటే స్పష్టంగా వంకర. పైగా షిమానో క్లీట్లలో ఎరుపు రంగుకు అర్థం వేరు: పాదం ఇసుమంతైనా కదలడానికి వీల్లేదని. నీలానికి 2 డిగ్రీలు, పసుపుకు 6 డిగ్రీలు వెసులుబాటు ఉంటుంది. నేను అలంకారమనుకున్నది అసలు విషయం!

పసుపువి తెచ్చాను. బోల్టు రంధ్రాల్లో మట్టి తీసి, మరలకు గ్రీజు రాశాను. బల్ల మీద కూర్చుని కాళ్ళు వేలాడదీస్తే పాదాలు సహజంగా ఎటు తిరుగుతున్నాయో చూసుకున్నాను. బొటనవేలి మొదట్లోని ఉబ్బెత్తు ఎముక పెడల్ ఇరుసు మీదికి వచ్చేట్టు అమర్చి, మూడు బోల్టులనూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా, 5-6 న్యూటన్ మీటర్ల దాకా బిగించాను. ఈసారి చుట్టూ గీత గీయడం మరచిపోలేదు.

నొప్పి ఒక్కరోజులో పోలేదు, నెల పట్టింది. మొన్న ఆదివారం చెరువు దాకా వెళ్ళి వచ్చాను. గుమ్మంలో బూట్లు విప్పుతుంటే మా ఆవిడ మోకాలి వంక చూసింది. "వయసు కాదులే, వంకర" అన్నాను.