కొండ దిగిన పది రోజులకు

చలి మొదలైతే విశాఖవాసుల ఆదివారాలు కొండలకే. తెల్లవారేసరికి గుంపులు గుంపులుగా భీమిలి దారి పడతారు. పావురాలకొండ ఎక్కి, బౌద్ధారామ శిథిలాల దగ్గర టిఫిన్లు విప్పుకుని, పొదల మధ్య కాలిబాటన దిగి, గోస్తని సముద్రంలో కలిసేచోట చిత్తడి నేలల వెంట తిరిగి, పొద్దుగూకేవేళకు ఇల్లు చేరతారు. నగరంలో చాలాకాలంగా ప్రాక్టీసు చేస్తున్న ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వీళ్లలో కొందరు మర్నాడే వస్తారు. బెణుకులు, బొబ్బలు, ఎండలో తిరిగిన నీరసం. వాటికి మందు తేలిక. ఆయన్ని కలవరపెట్టేది పదిరోజుల తరవాత జ్వరం మొదలై వచ్చేవాళ్లు.

ఒక బ్యాంకు ఉద్యోగిని అలాగే వచ్చారు. వారంగా జ్వరం, తల బద్దలయ్యే నొప్పి. డెంగీ లేదు, మలేరియా లేదు. ప్లేట్‌లెట్లు మాత్రం తగ్గాయి, లివర్ ఎంజైములు పెరిగాయి. అప్పటికే ఒక యాంటీబయాటిక్ కోర్సు అయిపోయింది.

“ఈమధ్య ఊరెళ్లారామ్మా?” అని డాక్టరు అడిగితే లేదన్నారు. పక్కనున్న తల్లి అందుకుంది: “మొన్న ఆఫీసువాళ్లతో కొండకెళ్లావు కదే!”

ఆ మాటతో డాక్టరు నర్సును పిలిచి ఒళ్లంతా జాగ్రత్తగా చూడమన్నారు. ప్యాంటు నడుంపట్టీ బిగుసుకునే చోట చిన్న నల్లటి చెక్కు కట్టి ఉంది. చుట్టూ ఎర్రటి అంచు, సిగరెట్టుతో కాల్చినట్టుగా. నొప్పి లేదు, దురద లేదు. అందుకే ఆమెకు దాని సంగతే తెలియదు.

అది స్క్రబ్ టైఫస్. ఒరియెన్షియా సుత్సుగముషి అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. దాన్ని మనిషికి ఎక్కించేది ఒక జాతి నల్లి లార్వా. కంటికి ఆనేంత కూడా ఉండదు. ఎదిగిన నల్లులు మనిషి జోలికి రావు. తడి గడ్డిలో, పొదల్లో, ఎలుకలు తిరిగేచోట లార్వాలు కాచుకుని ఉంటాయి. కూర్చున్నవాళ్ల బట్టల్లోకి పాకి చంక, గజ్జ, నడుం దగ్గర ఆగుతాయి. వానలు తగ్గి చల్లబడే నెలల్లోనే ఈ కేసులు ఎక్కువ. కొండలెక్కే సీజనూ అదే.

ఆమెకు డాక్సీసైక్లిన్ రోజుకు రెండుసార్లు, 100 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చారు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. అంతకుముందు వాడిన సెఫిక్సిమ్ ఈ క్రిమి మీద పనిచేయదు. నల్లచెక్కు అందరిలోనూ కనిపించదు కాబట్టి, అనుమానం బలంగా ఉంటే పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకుండా మందు మొదలుపెట్టడమే ఆయన పద్ధతి. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతినవచ్చు.

ఇలాంటి మరో గుంపులోంచి ఒక కుర్రాడు ఎర్రబారిన కళ్లతో, ముట్టుకోనివ్వని పిక్కల నొప్పితో వచ్చాడు. కాలికి గాయం ఉన్నా బూట్లు విప్పి బురదలో దిగాడట. ఎలుకల మూత్రం కలిసిన నీటితో అంటుకునే లెప్టోస్పైరోసిస్ అది. అక్కడా ఆచూకీ చెప్పింది అతను నడిచిన దారే.

వెళ్లొద్దని ఆయన ఎవరికీ చెప్పరు. ఆ కొండగాలి ఒంటికీ మనసుకూ మంచిదే. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి, గడ్డిమీద నేరుగా కూర్చోకండి, ఇంటికి రాగానే సబ్బుతో ఒళ్లు రుద్దుకుని స్నానం చేయండి, వేసుకున్న బట్టలన్నీ ఉతకండి అంటారు.

ఈ కేసుల తరవాత ఆయన మనసు మళ్లింది మాత్రం వేరేవాళ్ల మీదికి. ట్రెకింగుకు వచ్చినవాళ్లు ఒక్క పూట నడిచిన పొదల్లోకే కట్టెలకూ, గడ్డికీ రోజూ వెళ్లే ఆడవాళ్లు ఉన్నారు. “ఎక్కడికైనా వెళ్లొచ్చావా అమ్మా?” అంటే వాళ్లు నిజాయితీగా లేదంటారు. రోజూ వెళ్లేచోటును ప్రయాణమని ఎవరనుకుంటారు? అందుకే ఆయన ఇప్పుడు అడిగేది వేరు: “గడ్డి కోయడానికి ఏ పక్కకెళ్తావు? మధ్యాహ్నం అన్నం తినేది ఎక్కడ కూర్చుని?” జవాబు పొదల దగ్గరికి చేరితే నర్సు తెర లాగుతుంది. చీర కుచ్చిళ్లు దోపుకునేచోట, లంగా బొందు కింద, చంకలో వెతుకుతుంది. ఆయన తన దగ్గర శిక్షణకు వచ్చే కుర్ర డాక్టర్ల చేత కూడా ఆ రెండు ప్రశ్నలూ, వాటికి వచ్చిన జవాబులూ కేస్‌షీటులో రాయిస్తున్నారు.