చాంద్ ఖబర్‌కి ఎన్ని కానూన్‌లు?

అబ్బా పాత సందూకులో ఇంటి కాగితాలు వెతుకుతుంటే బ్యాంకు పాస్‌బుక్కంత పుస్తకం ఒకటి దొరికింది. లోపల పోస్టాఫీసు వాళ్ల గుండ్రటి ముద్రలు. రేడియో లైసెన్సు అది. మా పిల్లలు ముందు నమ్మలేదు, తర్వాత నవ్వారు. "రేడియో వినడానికి కూడా ఇజాజత్ కావాలా అబ్బూ?" కావాలి బేటా. 1980ల మధ్య దాకా ఈ దేశంలో ఇంట్లో రేడియో ఉంటే, పోస్టాఫీసుకి వెళ్లి ఏటా డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలి. ఆ ఇజాజత్‌కి మూలం 1885 నాటి టెలిగ్రాఫ్ కానూన్. గదర్ అయిపోయిన 28 ఏళ్లకు అంగ్రేజులు రాసుకున్న కానూన్ అది. తీగ మీద వెళ్లే ఏ ఖబరైనా హుకూమత్ చేతిలోనే ఉండాలన్నది దాని అసలు మతలబు.

ఉర్దూ మీడియం బడిలో మేం టెలిగ్రామ్‌ని "తార్" అనేవాళ్లం. డిగ్రీలో తెలుగు చదవడానికి వచ్చాక "తంతి" అన్న మాట తెలిసింది. తంతి తపాలా శాఖ. తార్ అన్నా తంతి అన్నా తీగే. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రామ్ సర్వీసు మూసేశారు. ఆ కానూన్ మాత్రం మరో పదేళ్లు బతికింది. 2023 డిసెంబర్‌లో పార్లమెంటు టెలికమ్యూనికేషన్స్ చట్టం పాస్ చేసేదాకా మీ సెల్‌ఫోనుకీ, నెట్టుకీ, డిష్షుకీ పెద్దదిక్కు ఆ తార్ కానూనే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా మామూ కొడుకు ఈ మధ్య అడిగిన సవాలు నన్ను వదలడం లేదు. అతనిది ప్రొద్దుటూరు వైపు. 90ల్లో ఇంటి మీద డిష్ పెట్టి, డాబా మీంచి డాబా మీదికి వైరు లాగి కేబుల్ నడిపాడు. రమ్‌జాన్‌లో తన కంట్రోల్ రూమ్ నుంచే సెహ్రీ, ఇఫ్తార్ టైములు స్క్రీన్ కింద నడిపించేవాడు. 29వ రోజా నాడు మగ్రిబ్ అయ్యాక మొహల్లా మొత్తం అతని చానల్ పెట్టుకుని చాంద్ ఖబర్ కోసం కూర్చునేది. ఇప్పుడు కేబుల్ సగానికి పడిపోయింది. అదే ఖబర్‌ని యూట్యూబ్‌లో పెడతాడు, వాట్సాప్ గ్రూపులో పంపుతాడు. "భాయిజాన్, నేను చెప్పేది ఒకటే మాట. చాంద్ కనిపించింది, ఈద్ ముబారక్. దీనికి నేను ఎన్ని కానూన్‌లకు జవాబు చెప్పాలి?"

లెక్క వేసి చూశాం. రేడియోలో చెబితే ప్రసార భారతి చట్టం. కేబుల్‌లో చెబితే 1995 నాటి కేబుల్ టీవీ చట్టం, దాని ప్రోగ్రామ్ కోడ్. శాటిలైట్ చానల్‌లో అయితే సమాచార, ప్రసార శాఖ ఇచ్చే ఇజాజత్, దానికి హోం శాఖ సెక్యూరిటీ క్లియరెన్స్. యూట్యూబ్‌లో అయితే 2000 నాటి ఐటీ చట్టం, 2021లో వచ్చిన రూల్స్. ఆ తీగ, టవర్, సిగ్నల్ మళ్లీ టెలికం శాఖవి, రేట్లు చూసేది ట్రాయ్. మాట ఒక్కటే, వినే చెవులూ అవే. మన ఆంధ్రలోనే చూడండి, 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్ గ్రిడ్‌లో ఫోను, టీవీ, నెట్టు మూడూ ఒకే తీగ మీద ఇంట్లోకి వచ్చాయి. మొదట్లో నెలకు 149 రూపాయలు. తీగ ఒకటైపోయింది. దాన్ని చూసుకునే దఫ్తర్లు మాత్రం ఎవరి కుర్చీలో వాళ్లున్నారు.

దీన్ని సరిచేద్దామని వాజ్‌పేయి హుకూమత్ 2001 ఆగస్టులో లోక్‌సభలో కమ్యూనికేషన్ కన్వర్జెన్స్ బిల్లు పెట్టింది. టెలికం, టీవీ, ఇంటర్నెట్ మూడింటికీ కలిపి ఒకే కమిషన్ అన్నది ఆలోచన. బిల్లు స్టాండింగ్ కమిటీకి వెళ్లింది. 2004లో లోక్‌సభ రద్దయినప్పుడు దానితోపాటే పోయింది. అదే ఏడాది జనవరిలో కేబుల్, డీటీహెచ్ రేట్ల వ్యవహారాన్ని ట్రాయ్‌కి అప్పగించారు. అంటే పైపు ట్రాయ్ చేతికి వచ్చింది, అందులో పారే నీళ్లు శాఖ చేతిలోనే ఉండిపోయాయి.

నీళ్లు అన్నాను గానీ, అసలు మసలా అక్కడే ఉంది. కేబుల్ రేటు ఎంత, సెట్‌టాప్ బాక్సు ఎవరిది అన్న తకరార్లు మామూలు వ్యాపార తకరార్లు. అవి ఎలాగోలా తేలతాయి. ఏ ఖబర్ ఇంట్లోకి రావాలి, ఏది రాకూడదు, దాని ఫైసలా ఎవరిది? మన కౌమ్‌కి ఈ సవాలు రెండు వైపుల నుంచీ తగిలింది. ఈ మాట నిజాయితీగా ఒప్పుకుంటేనే ముందుకు మాట్లాడగలం.

మొదటి వైపు. 2020 మార్చి చివర్లో నిజాముద్దీన్ మర్కజ్ ఖబర్ వచ్చిన తర్వాత కొన్ని టీవీ చానళ్లు ఎలా మాట్లాడాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కరోనాకి టోపీ, గడ్డం తగిలించారు. మా వీధిలో ఏళ్లుగా కూరగాయలు అమ్మే చాచాని పేరు అడిగి వెనక్కి పంపిన ఇళ్లున్నాయి. అప్పుడు మనలో ప్రతి ఒక్కరూ అన్నదేమిటి? "ఈ చానళ్లను అడిగే నాథుడే లేడా? కానూన్ ఏం చేస్తోంది?" జమియత్ ఉలమా-ఎ-హింద్ సుప్రీంకోర్టుకి వెళ్లింది. కేబుల్ టీవీ చట్టం కింద ఏం చర్య తీసుకున్నారని అదాలత్ అడిగితే, కేంద్రం దాఖలు చేసిన అఫిడవిట్ అదాలత్‌కి నచ్చలేదు. చానళ్లు తమకు తామే పెట్టుకున్న స్వీయ నియంత్రణ సంస్థ 2021లో ఒక కన్నడ చానల్‌కి లక్ష రూపాయల జరిమానా వేసింది. ఒక టీవీ చానల్‌కి లక్ష రూపాయలంటే ఎంత, మీరే చెప్పండి. ఆ ఏడాది సెప్టెంబర్‌లో మన తెలుగువారే అయిన చీఫ్ జస్టిస్ ఎన్.వి. రమణ, కొన్ని మీడియా సంస్థలు ప్రతిదానికీ మత రంగు పూస్తున్నాయని, వెబ్ పోర్టళ్ల మీద అదుపే లేదని బెంచ్ మీంచే తక్లీఫ్ వెళ్లబోసుకున్నారు.

రెండో వైపు. అదే 2020 మార్చిలో, ఢిల్లీ ఫసాదులను చూపించిన తీరు మీద కేరళలోని రెండు చానళ్లను, మీడియావన్‌ని, ఏషియానెట్ న్యూస్‌ని, సమాచార శాఖ 48 గంటలు ఆపమంది. మర్నాటికే ఎత్తేశారనుకోండి. ఏ కానూన్ కింద? ఆ కేబుల్ టీవీ చట్టం కిందే. మనం మర్కజ్ కేసులో "వాడండి, వాడండి" అని అడిగిన కానూనే అది. తర్వాత 2022 జనవరి 31న మీడియావన్ లైసెన్సు కొనసాగించడానికి ఒప్పుకోలేదు. వజా అడిగితే సెక్యూరిటీ క్లియరెన్స్ లేదన్నారు. ఎందుకు లేదంటే సీల్డ్ కవర్. చానల్ వాళ్లకు తాము చేసిన కసూర్ ఏమిటో చదివే వీల్లేదు, జడ్జిలు మాత్రం చదువుతారు. కేరళ హైకోర్టు దానికి సరేనంది. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు కొట్టేసింది. హుకూమత్‌ని విమర్శించినంత మాత్రాన దేశానికి వ్యతిరేకం కాదని, జాతీయ భద్రత అన్న మాట గాలిలోంచి తీసుకొచ్చి హక్కులు కాదనలేరని చెప్పింది.

కాబట్టి ఎవరైనా "నియంత్రణ కావాలా, వద్దా" అని అడిగితే నాకు విసుగొస్తుంది. కత్తి కావాలా వద్దా అని అడిగినట్టుంది. ఎవరి చేతిలో ఉంది, ఎవరు చూస్తుండగా కోస్తారు, తప్పుగా కోస్తే ఎవరు అడుగుతారు అన్నవి సవాళ్లు.

దీనికి జవాబు సుప్రీంకోర్టు దగ్గర 1995 నుంచీ ఉంది. ఆ ముకద్దమా కూడా మనవాళ్లు మరచిపోని ఒక మ్యాచ్‌లోంచి పుట్టింది. 1993 నవంబర్, హీరో కప్. మన అజహర్ కెప్టెన్. సెమీఫైనల్లో దక్షిణాఫ్రికా మీద 90 కొట్టాడు, ఆఖరి ఓవర్ సచిన్ వేశాడు, 2 పరుగులతో గెలిచాం. తెర వెనక ఇంకో మ్యాచ్ నడిచింది. బెంగాల్ క్రికెట్ సంఘం ప్రసార హక్కులు ఒక విదేశీ కంపెనీకి ఇచ్చింది. సిగ్నల్ పంపే హక్ హుకూమత్‌ది తప్ప ఇంకెవరిదీ కాదన్నది అటువైపు వాదన. ఆధారం మళ్లీ ఆ 1885 తార్ కానూనే. అదాలత్ 1995 ఫిబ్రవరిలో ఫైసలా ఇచ్చింది. గాలి తరంగాలు అవామ్ ఆస్తి. వాటిని చూసుకోవడానికి సమాజంలోని అన్ని వర్గాలకూ జాగా ఉండే స్వతంత్ర సంస్థ పెట్టమంది. అన్ని వర్గాలకూ! దశాబ్దాలు గడిచాయి, ప్రసారాలకు అలాంటి సంస్థ ఇంకా పుట్టలేదు.

బయటి దేశాలు చేశాయి. బ్రిటన్ 2003 చట్టంతో ఐదు వేర్వేరు సంస్థల పని ఆఫ్‌కామ్ అనే ఒక్క సంస్థకి అప్పగించింది. మలేషియా అంతకన్నా ముందే, 1998లోనే, కమ్యూనికేషన్స్, మల్టీమీడియా రెండింటికీ ఒకే చట్టం తెచ్చింది. అక్కడ మన తెలుగువాళ్లు కూడా తరాలుగా ఉన్నారు, తెలిసే ఉంటుంది. అయితే ఆ చట్టంలోనే 233వ సెక్షన్ ఉంది. ఆన్‌లైన్‌లో నొప్పించే మాట అంటే కేసు. హుకూమత్‌ని ఎగతాళి చేసినవాళ్ల మీద దాన్ని వాడారు. ఒకే కానూన్ ఉంటే చాలు అనుకునేవాళ్లు మలేషియా వైపు ఒకసారి చూడాలి. మెజారిటీ మన దీన్‌వాళ్లే అయినంత మాత్రాన కానూన్ దానంతటదే ఇన్సాఫ్ చేయదు.

మన దగ్గర తీగ కానూన్‌ని అసలు ఎలా వాడారో కూడా చెప్పుకోవాలి. ఇంటర్నెట్ బంద్. టెలిగ్రాఫ్ చట్టం కింద 2017లో దానికోసమే రూల్స్ రాశారు. కశ్మీర్‌లో 2019 ఆగస్టులో ఆగిన 4జీ 2021 ఫిబ్రవరిలో గానీ పూర్తిగా తిరిగి రాలేదు. బంద్ ఆర్డర్లు ప్రచురించాలని, గడువు లేకుండా ఆపకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు అనురాధా భసీన్ కేసులో చెప్పింది. అది దూరం అనుకునేవాళ్లకి 2022 మే గుర్తు చేస్తాను. కోనసీమలో జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడం మీద గొడవలై రోజుల తరబడి నెట్టు ఆగింది. వాట్సాప్‌లో పుకారు ఆపాలంటే ఆన్‌లైన్ క్లాసు, పేమెంటు, గల్ఫ్‌లో ఉన్న బేటాతో అమ్మీ మాట్లాడే వీడియో కాల్ అన్నీ ఆగాయి. కన్వర్జెన్స్ అంటే ఇదీ. అన్నీ ఒకే తీగ మీదికి వచ్చాక, ఒక్క తీగ కోస్తే అన్నీ పోతాయి. 2023 చట్టంలో కూడా ఆ అధికారం పదిలంగా ఉంది.

ఇక మా మామూ కొడుకు సవాలు. 2023 నవంబర్‌లో ప్రసార సేవల బిల్లు ముసాయిదా ఒకటి బయటపెట్టి రాయ్ అడిగారు. టీవీ, ఓటీటీ రెండూ అందులో ఉన్నాయి. 2024లో దాని ఇంకో రూపం ఎంపిక చేసిన కొందరికే చేరింది. యూట్యూబ్‌లో సొంతంగా ఖబర్లు చెప్పేవాళ్లను కూడా దాని కిందికి తెస్తున్నారని తెలిసి గోల అయింది. ఆగస్టులో మళ్లీ సలహాలు తీసుకుని కొత్తది తెస్తామన్నారు. పెద్ద చానల్‌కి వకీళ్లుంటారు. ఫోను ట్రైపాడ్ మీద పెట్టి సెహ్రీ టైము చెప్పేవాడికి ఎవరున్నారు?

అందుకే మేమిద్దరం ఒక ఇత్వార్ కూర్చుని ఒక పేజీ రాశాం. తీగకి, టవర్‌కి, రేటుకి ఒకే కానూన్ పెట్టండి, మాకు అభ్యంతరం లేదు. మాటకి వేరే సంస్థ ఉండాలి, అది శాఖ కింద ఉండకూడదు. ఆపిన ప్రతిసారీ వజా రాతలో ఇవ్వాలి, ఆగినవాడు చదివే భాషలో. జరిమానా చానల్ సైజుని బట్టి ఉండాలి. నఫ్రత్ మీద ఫిర్యాదు ఇస్తే ఎన్ని రోజుల్లో జవాబొస్తుందో కానూన్‌లోనే ఉండాలి. అతను ఒక మాట కలిపాడు. ముసాయిదాలు ఇంగ్లీషులో, హిందీలో వేసి ఊరుకోవద్దు, తెలుగులో, ఉర్దూలో కూడా వేయండి అని. కొత్త ముసాయిదా వచ్చినప్పుడు పంపడానికి ఆ పేజీ నా దగ్గరే ఉంది. మీకు ఇంకేమైనా కలపాలనిపిస్తే నాకు రాయండి, ఉర్దూలో రాసినా సరే.