ఫార్మాట్ కొట్టాక కూడా తిరిగొచ్చే వైరస్

మా శృంగవరపుకోటలో వైరస్ పట్టిన కంప్యూటర్ నేరుగా నా దగ్గరకు రావడం తక్కువ. ముందు ఇంకెవరి చేతో ఫార్మాట్ కొట్టిస్తారు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. మళ్లీ మొదలయ్యాక నా దగ్గరకు తెస్తారు. “విండోస్ కొత్తగా వేయించాం కదండీ, మళ్లీ ఎలా వచ్చింది?” అని అడుగుతారు. నా వృత్తిలో అసలు పని ఆ ప్రశ్నకు జవాబు పట్టుకోవడమే. తుంగను పైపైన కోసేస్తే చేను శుభ్రంగానే కనబడుతుంది. కింద గడ్డ ఉన్నంతకాలం కాస్త తడి తగిలితే చాలు, మళ్లీ లేస్తుంది.

ఫార్మాట్ పేరుతో చాలామంది తుడిచేది సి డ్రైవ్ ఒక్కటే. ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు ఉంటాయని డి డ్రైవ్ జోలికి పోరు. అది మంచిదే. కానీ అదే డి డ్రైవ్‌లో ‘సాఫ్ట్‌వేర్స్’ అని ఓ ఫోల్డర్ కూడా ఉంటుంది. ఫొటోషాప్ క్రాక్, వీడియో డౌన్‌లోడర్, తెలుగు టైపింగ్ కోసం ఎవరో కాపీ చేసి ఇచ్చిన సెటప్, అన్నీ అందులోనే. కొత్త విండోస్ ఎక్కగానే వాటిని వరసపెట్టి ఇన్‌స్టాల్ చేసేస్తారు. “ముందు యాంటీవైరస్ ఆపండి” అని ఆ క్రాక్ పక్కనున్న నోట్‌ప్యాడ్ ఫైలే చెబుతుంది. అడ్డుపడాల్సిన కాపలాను మన చేతే తీయించి లోపలికి వచ్చే సరుకు అది.

ఒక రిటైర్డ్ మాస్టారి కంప్యూటర్ చూడ్డానికి వాళ్లింటికే వెళ్లాను. క్రోమ్ తెరిస్తే గూగుల్ బదులు ఏదో ఊరూ పేరూ లేని సెర్చ్ పేజీ వస్తోంది. కుడివైపు మూలన “మీ కంప్యూటర్‌లో అయిదు వైరస్‌లు” అంటూ హెచ్చరికలు. నేను కుర్చీలో కూర్చోగానే మాస్టారి భార్య వచ్చి, “మళ్లీ ఫార్మాట్ కొట్టేస్తావేటి బాబూ? మనవరాలి బారసాల ఫొటోలున్నాయి అందులో” అన్నారు. “కొట్టనమ్మా” అన్నాను.

మూలన వచ్చే ఆ హెచ్చరికలు వైరస్ కాదు. ఏదో సైట్లో ‘అలో’ నొక్కినందుకు వచ్చే నోటిఫికేషన్లు. సెట్టింగ్స్‌లో ఆ అనుమతి తీసేస్తే ఆగిపోయాయి. సెర్చ్ పేజీ మాత్రం మొండిది. దాన్ని తెస్తున్న ఎక్స్‌టెన్షన్‌ను తీసేద్దామంటే రిమూవ్ బటన్ పనిచేయలేదు. క్రోమ్ మెనూలో అట్టడుగున ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అన్న లైను ఉంది. ఆఫీసు కంప్యూటర్లో అయితే అది మామూలే. మాస్టారి ఇంట్లో సంస్థ ఎక్కడిది? ఎవరో రిజిస్ట్రీలో క్రోమ్‌కు పాలసీ రాసి, ఆ ఎక్స్‌టెన్షన్‌ను తీయడానికి వీల్లేకుండా బిగించారన్నమాట.

ఇక్కడ వరస తప్పితే పని మొదటికొస్తుంది. ముందు ఇంటర్నెట్ వైరు పీకాను. మైక్రోసాఫ్ట్ వాళ్లదే సిస్‌ఇంటర్నల్స్ ఆటోరన్స్ అని ఉచిత ప్రోగ్రాం ఉంది, దాన్ని పెన్ డ్రైవ్ నుంచి నడిపాను. కంప్యూటర్ లేచినప్పుడు దాంతోపాటు ఏమేం లేస్తాయో అంతా అది బయటపెడుతుంది. మైక్రోసాఫ్ట్ సొంత ఎంట్రీలను దాచేస్తే జాబితా చిన్నదవుతుంది, దొంగ తేలిగ్గా దొరుకుతాడు. విండోస్ అప్‌డేట్‌ను పోలిన పేరుతో ఒక షెడ్యూల్డ్ టాస్క్ కనబడింది. మాస్టారు లాగిన్ అయిన ప్రతిసారీ అది తెరమీద కనబడకుండా పవర్‌షెల్‌ను నడిపి, చెరిపేసిన పాలసీని మళ్లీ రాస్తోంది. అందుకే ముందు ఆ టాస్క్, తర్వాత అది పిలిచే ఫైలు, ఆ తర్వాత పాలసీ, ఆఖరున ఎక్స్‌టెన్షన్ తీశాను. ఎక్స్‌టెన్షన్‌తో మొదలుపెడితే రాత్రంతా తీస్తూనే ఉండాలి. అన్నీ తీశాక డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాను. విండోస్ లేవకముందే చేసే స్కాన్ కాబట్టి దాని ముందు వైరస్‌కు దాక్కునే చోట్లు తక్కువ.

ఇంకో దారి మిగిలే ఉంది. మాస్టారి జీమెయిల్‌తోనే విశాఖలో వాళ్లబ్బాయి ల్యాప్‌టాప్‌లో కూడా క్రోమ్ నడుస్తోంది. సింక్ ఆన్‌లో ఉంటే ఒక మిషన్లోని ఎక్స్‌టెన్షన్ రెండోదాంట్లోకి నడిచొస్తుంది. అబ్బాయికి ఫోన్ చేసి అక్కడా తీయించాకే లేచాను.

పెన్ డ్రైవ్‌ల గొడవ వేరు. జెరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని ఇంటికొచ్చేసరికి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయి ఉంటాయి. పిల్లలు భయపడిపోతారు. నిజానికి ఫైళ్లు ఎక్కడికీ పోవు. వైరస్ వాటిని హిడెన్, సిస్టమ్ ఫైళ్లుగా మార్చి, అవే పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. షార్ట్‌కట్ నొక్కితే వైరస్ స్క్రిప్టూ నడుస్తుంది, అసలు ఫోల్డరూ తెరుచుకుంటుంది, కాబట్టి అనుమానం రాదు. కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ కమాండ్‌తో ఆ దాపరికం తీసేస్తే అన్నీ కనబడతాయి. కాకపోతే ముందు కంప్యూటర్ని శుభ్రం చేయాలి. లేకపోతే పెట్టిన పెన్ డ్రైవ్‌కల్లా మళ్లీ అంటుకుంటుంది.

నన్ను నిజంగా బాధపెట్టేది ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్. 2017 మే 12న వన్నాక్రై ప్రపంచాన్ని కుదిపినప్పుడు శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లకూ అది సోకింది. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని మిషన్లను వెతుక్కుంటూ అదే వచ్చింది. ఇళ్లల్లో ఎక్కువగా పట్టే స్టాప్ డీజేవీయూ అలా కాదు, దాన్ని క్రాక్ రూపంలో మనమే తెచ్చుకుంటాం. ఏళ్ల తరబడి అది 980 డాలర్లు, 72 గంటల్లో సంప్రదిస్తే సగం అని ‘రీడ్‌మీ’ రాసి పెడుతూ వచ్చింది. కట్టొద్దనే చెబుతాను. ఈ రకం ప్రతి ఫైలులోనూ మొదటి 150 కేబీ మేరకే తాళం వేస్తుంది, అందుకే పెద్ద వీడియోలను కొంతవరకు బాగుచేసుకోవచ్చు. 2019 అక్టోబర్‌లో ఎమ్సీసాఫ్ట్ సంస్థ ఉచిత డీక్రిప్టర్ ఇచ్చింది. ఇంటర్నెట్ అందక ఆఫ్‌లైన్ కీతో తాళం పడ్డ ఫైళ్లకు ఆశ ఉంటుంది. ఈరోజు తెరుచుకోకపోయినా, ఆ ఫైళ్లను వేరే డిస్కులో దాచమంటాను. ఆ కీ రేపు దొరకొచ్చు. తొందరపడి ఫార్మాట్ కొడితే ఆ దారీ మూసుకుపోతుంది.

స్టాప్ డీజేవీయూతో పాటు బ్రౌజర్లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఎత్తుకెళ్లే దొంగ కూడా చాలాసార్లు దిగుతాడు. అందుకే బ్యాంకు, జీమెయిల్ పాస్‌వర్డ్‌లను అదే కంప్యూటర్లో కూర్చుని మార్చకూడదు, ఫోన్లోంచి మార్చాలి. ఖాతాలోంచి డబ్బు కదిలినట్టు తెలిస్తే నా దగ్గరకు రావడం తర్వాత, ముందు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపడానికి అంత వీలుంటుంది.