పిన్ని వంటింట్లో బియ్యం బస్తా



మేము ముగ్గురం ఒకే హాస్టల్ రూమ్ వాళ్లం. మా ఇళ్లల్లో కాలేజీకి వచ్చింది మేమే మొదలు. ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి కాలేజీలో మన తిండి ఫోటోలు పెడదాం అనుకున్నాం. అందుకే ఒక ఆదివారం పాడేరు ఏజెన్సీలో మాలో ఒకడి ఊరికి వెళ్లాం. వాళ్లమ్మని మిగతా ఇద్దరం పిన్నీ అంటాం.

వెళ్లేసరికి వాన. వంటింట్లో కిటికీ లేదు, గుమ్మం వెలుగే దిక్కు. పొయ్యి మీద అంబలి ఉడుకుతోంది. పొగకి ఫోన్ లెన్స్ మసకేసిపోతుంటే చొక్కా అంచుతో తుడుచుకుంటూ తీశాం. ఫ్లాష్ వేస్తే చోళ్ల ఎరుపు మొత్తం పోయింది. ఫ్లాష్ ఆపేసి, అడ్డాకులో పోసి గుమ్మం పక్కన పెడితే అసలు రంగు వచ్చింది. సామలు, రాజ్‌మా, పసుపు కొమ్ములు, అప్పుడే తరిగిన వెదురు కొమ్ములు కూడా అలాగే తీశాం.

పిన్ని నవ్వింది. "సోళ్లు ఎప్పుడూ సూడనట్టు తీస్తన్నారేటి? బేగి కానియ్యండి, పొయ్యి ఆరిపోద్ది."

అక్కడిదాకా బాగానే ఉంది. కానీ ప్రతి ఫోటోలోనూ వెనకాల రేషన్ బియ్యం బస్తా, పామాయిల్ ప్యాకెట్ పడుతున్నాయి. మేము బస్తా పక్కకి లాగాం, ప్యాకెట్ బుట్ట కింద దాచాం. పిన్ని గరిటె ఆపి అడిగింది. "అదెందుకు దాస్తన్నారు? మేం తినేది అదే కదా. సోళ్లు ఏడాదికి సాలవు."

మాకు మాట రాలేదు. ఎందుకంటే ఫస్టియర్‌లో ఒకడు "మీరు ఇంకా అంబలే తాగుతారా?" అని నవ్వితే, "లేదు, మేమూ అన్నమే తింటాం" అని చెప్పింది మేమే. సెలవులకి వెళ్లొచ్చేటప్పుడు అమ్మ కట్టిచ్చిన చోడి పిండి మూట పెట్టె అడుగున దాచిందీ మేమే. అప్పుడు సిగ్గుతో చోళ్లు దాచాం, ఇప్పుడు గొప్ప కోసం బియ్యం దాస్తున్నాం. రెండూ అబద్ధాలే కదా!

2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఇప్పుడు పట్నం షాపుల్లో చోళ్లు అందమైన ప్యాకెట్లలో రాగి పిండిగా అమ్ముతున్నారు. 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. ఇవన్నీ చదివి మేము గొప్పగా చెప్పుకుంటున్నాం. కానీ పండించే పిన్ని ఇంట్లో అవి ఏడాది పొడుగునా లేవు. ఆ మాట ఫోటోలో కనపడకపోతే, మన తిండి గురించి మనం చెప్పింది సగమే.

బస్తా మళ్లీ దాని చోటులో పెట్టాం. పిన్నిని అడిగి, ఏదీ కదపకుండా ఇంకో ఫోటో తీశాం. పొగ ఉంది, మసి గోడ ఉంది, చోళ్ల పక్కనే బియ్యం బస్తా ఉంది. కాలేజీలో అదే మధ్యలో పెట్టాం. ఒక జూనియర్ చాలాసేపు దాని ముందు నిలబడి, "అన్నా, మా ఇల్లు కూడా ఇలాగే ఉంటది" అన్నాడు.

ఈ సెలవులకి ఇంటికెళ్తే మీరూ ఒక్క ఫోటో తియ్యండి. ముందు అమ్మని అడగండి. ఏదీ పక్కకి జరపకండి. ఫోటో కింద ఆ గింజకి మీ భాషలో ఉన్న పేరు రాయండి.

జోహార్!